కొత్త బెర్బర్ తివాచీ కొనేటప్పుడు: లోపం, కారణం, పరిష్కారం

మొరాకోలోని అట్లాస్ పర్వత గ్రామాల్లో అమజిగ్ (బెర్బర్) స్త్రీలు నిలువు మగ్గంపై నేసే ఉన్ని తివాచీలకే బెర్బర్ తివాచీలని పేరు. మధ్య అట్లాస్‌లోని బెని ఔరైన్ తెగలవారి దళసరి తెల్ల తివాచీలు, అజిలాల్ ప్రాంతపు రంగుల తివాచీలు, దక్షిణాన తజ్‌నఖ్త్ పరిసరాల నేతలు వీటిలో బాగా పేరుపొందాయి. కొత్త తివాచీకి తరాల వాడకాన్ని తట్టుకున్న సాక్ష్యం ఉండదు కనుక, దాని నాణ్యతను ఉన్నిలో, ముడిలో, రంగులో వెతుక్కోవాలి. ఈ మూడింటిలో ఉన్నికే మొదటి స్థానం ఇవ్వాలని నా అభిప్రాయం. వదులైన అంచును కుట్టించుకోవచ్చు, ఊడిన ముడిని మళ్లీ వేయించుకోవచ్చు, కానీ నాసి ఉన్నిని బాగుచేసే ఉపాయం ఏదీ లేదు.

రుద్దితే ఉన్ని విపరీతంగా రాలుతోంది

కొత్త తివాచీ కొంత రాలడం సహజమే. నేత పూర్తయ్యాక పోగులను కత్తిరించినప్పుడు తెగిన ముక్కలు లోపల చిక్కుకుని ఉంటాయి, అవి వాడకంలో కొన్ని నెలలపాటు బయటికి వస్తాయి. అసలు చిక్కు రెండో రకం రాలడంతో వస్తుంది. బతికున్న గొర్రె నుంచి కత్తిరించిన ఉన్నికి బదులుగా, వధించిన గొర్రె తోలుకు సున్నం పట్టించి ఊడదీసిన ఉన్నిని వాడినప్పుడు, ఆ సున్నం వల్ల పోగు పెళుసెక్కి, మెరుపు పోయి, రంగును కూడా సరిగా పట్టుకోదు. ధర తక్కువ కావడంతో దీన్ని మంచి ఉన్నిలో కలిపి వడకడమూ ఉంది.

ఈ రెండింటినీ వేరుచేయడానికి ఒకే చోట అరచేతితో పదిహేను ఇరవై సార్లు గట్టిగా రుద్ది చూడాలి. రాలేది క్రమంగా తగ్గితే అది కత్తిరింపు ముక్కల వల్లనే. తగ్గకుండా పొడిపొడిగా రాలుతూనే ఉంటే తివాచీ పైభాగం నుంచి నాలుగు పోగులు లాగి, పురి విప్పి, ఒక్కో వెంట్రుకను రెండు చేతులతో మెల్లగా సాగదీయాలి. మంచి ఉన్ని కాస్త సాగి, వదలగానే వెనక్కి ముడుచుకుంటుంది. సున్నం తిన్న ఉన్ని పుటుక్కున తెగుతుంది. మధ్య అట్లాస్‌లోని తిమహ్దిత్ జాతి గొర్రెల ఉన్ని, దక్షిణాన సిరువా పర్వత ప్రాంతపు ఉన్ని చేతికి కాస్త జిడ్డుగా, కంటికి మెరుపుగా ఉంటాయి. ఆ జిడ్డు గొర్రె ఒంటి నూనె, అదే పోగును కాపాడుతుంది. తివాచీని తాకిన వేళ్లు పొడిబారినట్లు అనిపిస్తే అనుమానించాల్సిందే.

మొదటి రకానికి, తిరిగే బ్రష్ లేకుండా కేవలం గాలితో పీల్చే వాక్యూమ్‌ను కొన్ని వారాలు వాడితే సరిపోతుంది. రెండో రకానికి కొనకుండా ఉండటమే పరిష్కారం.

తెలుపు మరీ తెల్లగా ఉంది

రంగు వేయని ఉన్ని మీగడ రంగులో, అక్కడక్కడ పసుపు, గోధుమ ఛాయలతో ఉంటుంది. తివాచీ అంతా ఒకే తీరుగా తెల్లకాగితపు తెలుపులో మెరుస్తుంటే దాన్ని క్లోరిన్‌తో బ్లీచ్ చేసి ఉండవచ్చు. క్లోరిన్ వెంట్రుక పైపొలుసులను తినేస్తుంది, దాంతో పోగు త్వరగా అరిగిపోతుంది. పోగులను విడదీసి వాటి మొదళ్ల దగ్గర ముక్కు పెట్టి వాసన చూడండి, కాస్త తడిపి మళ్లీ చూడండి. మందు వాసన వస్తే ఆ తివాచీని వదిలేయడం మంచిది.

నల్లగీత పక్కన తెలుపు మసకబారింది

బెని ఔరైన్ తివాచీల్లోని ముదురు గీతలకు సంప్రదాయంగా నల్ల గొర్రెల సహజ ఉన్నిని వాడతారు. దానికి బదులు రంగు వేసిన ఉన్నిని వాడి, ఆ రంగును సరిగా పట్టించకపోతే, మొదటి ఉతుకులోనే నలుపు చుట్టూ ఉన్న తెల్లని భాగంలోకి పాకుతుంది. తెల్లని నూలుగుడ్డను తడిపి ప్రతి రంగు మీద ఒక నిమిషం అదిమి రుద్దాలి. గుడ్డకు రంగు అంటితే, ఒక్కసారి ఉతికితే పోతుందని చెప్పే హామీని నమ్మకూడదు, ఎందుకంటే అలా పాకిన రంగును ఇంట్లో తీసే మార్గం లేదు. అయితే రసాయన రంగు అన్నంత మాత్రాన లోపమని అనుకోనక్కరలేదు. బాగా పట్టించిన రసాయన రంగు, సరిగా పట్టించని మంజిష్ఠ వంటి సహజ ఎరుపు కంటే నమ్మదగినది.

వెనుకవైపు ముడులు కనిపించడం లేదు

తివాచీని తప్పనిసరిగా తిప్పి చూడాలి. చేతితో ముడివేసిన తివాచీ వెనుక ముడుల వరుసలు, వాటి మధ్య పేక (అడ్డ) పోగులు స్పష్టంగా తెలుస్తాయి, పడుగు (నిలువు) పోగులే చివర కుచ్చులుగా బయటికి వస్తాయి. వెనుక గుడ్డ అతికించి ఉండి, కుచ్చులను విడిగా కుట్టి ఉంటే, అది పోగులను గుడ్డలోకి గుచ్చి రబ్బరు జిగురుతో నిలబెట్టిన సరుకు. ఆ జిగురు కొన్నేళ్లకు పొడిగా రాలిపోతుంది. దాన్ని కొనదలిస్తే ఆ రకం ధరకే కొనాలి.

ముడులు దూరదూరంగా ఉండటం మాత్రం లోపం కాదు. చలి ప్రాంతపు ఈ తివాచీల్లో పొడవాటి పోగులు ఒకదానిపై ఒకటి వాలి నేలను కప్పుతాయి కనుక, ముడుల వరుసల మధ్య పేకను ఎక్కువసార్లు నడుపుతారు. ఇరానీ తివాచీల ముడుల లెక్కతో వీటిని తూచడం అన్యాయం. చూడవలసింది బిగువును. ఇనుప దువ్వెనతో పేకను గట్టిగా కొట్టకుండా తొందరగా ముగించిన నేతలో, పైపోగును లాగితే ముడి జారి వస్తుంది. ఒకటి రెండు చోట్ల ఇలా ఉంటే అమ్మకందారుతోనే మళ్లీ ముడి వేయించాలి, అంతటా ఉంటే మరమ్మతు సాధ్యం కాదు.

మధ్యలో అలలు లేస్తున్నాయి

పడుగు బిగువు మగ్గం మీద అంతటా సమానంగా లేకపోతే నేత కొన్నిచోట్ల ఉబుకుతుంది. దుకాణాల్లో తివాచీలను ఒకదానిపై ఒకటి పరుస్తారు కాబట్టి ఈ లోపం కనబడదు. ఖాళీ నేల మీద పరిపించి, నాలుగు వైపుల నుంచీ చూడాలి. మడత వల్ల వచ్చిన ఉబ్బు తిరగేసి పరిస్తే కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది, నేతలో వచ్చినది సర్దుకోదు, నడిచేవారి కాలికి తగిలి అక్కడే ముందుగా అరుగుతుంది.

రెండు చివర్ల వెడల్పులో నాలుగైదు సెంటీమీటర్ల తేడా, ఒకే రంగులో చారలుగా ఛాయాభేదం, నమూనా మధ్యలో మారిపోవడం వంటివి చేతిపనిలో మామూలే. వీటిని సాకుగా చూపి బేరమాడటం నేసిన మనిషికి న్యాయం కాదు.

ఉన్ని అన్నారు, నమ్మకం కలగడం లేదు

వ్యాపారి లైటర్‌ను తివాచీ మీద ఒక్క క్షణం ఆడించి చూపిస్తే సరిపోదు. కుచ్చుల పడుగు నూలుదై ఉండవచ్చు కనుక పైపోగుల నుంచే ఒక దారం అడిగి తీసుకుని విడిగా కాల్చాలి. ఉన్ని మెల్లగా కాలి, వెంట్రుకలు కాలిన వాసనతో నలిగిపోయే బూడిదనిస్తుంది. పాలియెస్టర్ వంటి కృత్రిమ పోగు కరిగి గట్టి పూసగా మారుతుంది. కాగితం కాలిన వాసన వస్తే అది నూలు లేదా చెక్కగుజ్జుతో చేసే విస్కోస్ పోగు. ‘కాక్టస్ పట్టు’ పేరుతో అమ్ముతున్న మెరిసే సబ్రా నేతల్లో చాలావరకు విస్కోసే.

మన దేశంలో కొనేవారు ‘మొరాకన్ శైలి’ అన్న మాటను గమనించాలి. అలాంటి తివాచీలు ఉత్తరప్రదేశ్‌లోని భదోహి వంటి చోట్ల కూడా తయారవుతాయి. వాటిలో మంచి పనితనం ఉన్నవీ ఉన్నాయి, కానీ అట్లాస్ నేత ధర వాటికి చెల్లించవలసిన పని లేదు.

కొన్నది ఒకటి, ఇంటికి వచ్చింది మరొకటి

ఇంటికి పంపిస్తామన్నప్పుడు తివాచీ మారిపోయే ప్రమాదం ఉంటుంది. వెనుక అంచున మీ సంతకం చేసి, ఆ సంతకం, కొలతలు కనిపించేలా ఫొటో తీసుకుని, రసీదుపై పొడవు, వెడల్పు, పడుగు దేనిదో, పైపోగు దేనిదో రాయించుకోవాలి. వీలైతే చుట్టి మీ వెంటే తెచ్చుకోవాలి.