పాత డబ్బా టీవీకి ల్యాప్‌టాప్ గానీ సెట్‌టాప్ బాక్స్ గానీ కలిపితే బొమ్మ రావట్లేదా?

ముందు టీవీ ఏవీ మోడ్‌లో, అంటే బయటి వైర్ల నుంచి వచ్చే బొమ్మ చూపే మోడ్‌లో, ఉందో లేదో చూడండి. ఏవీ1, ఏవీ2 రెండూ నొక్కి చూడండి. వెనక ‘ఔట్’ అని రాసున్న సాకెట్లలో వైర్లు గుచ్చలేదు కదా? తిరుపతిలో గరుడ సేవ రోజు సాయంత్రం ‘అన్నా, ఎస్వీబీసీ రావట్లేదు, అవ్వ అరుస్తోంది’ అని వచ్చే ఫోన్లకు ఎక్కువగా ఇదే మందు. ఇది చూడకుండా కొత్త కేబుల్ కొనకండి.

బొమ్మ లేదు, స్పీకర్‌లో బుర్రుమని మోత

టీవీ పోయిందని బెంబేలు పడొద్దు. దొంగ ఆ కేబులే. ఒక చివర సన్న పిన్ను, ఇంకో చివర పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులు ఉంటాయే, అది. సన్న పిన్ను మీద మూడు నల్ల గీతలు ఉండాలి. రెండే ఉంటే అది ఉత్త సౌండ్ కేబుల్, దాంట్లో బొమ్మ రాదు. మూడు గీతలంటే నాలుగు భాగాలు: రెండు సౌండ్లు, వీడియో, గ్రౌండ్ (మూడింటికీ ఉమ్మడిది). ఏ భాగంలో ఏది వస్తుందన్నది అన్ని కంపెనీలకూ ఒకటి కాదు. కేబుల్ ఒక లెక్కది, బాక్స్ ఇంకో లెక్కది అయితే వీడియో ఎర్ర వైరులోకో తెల్ల వైరులోకో పోతుంది. టీవీ దాన్ని సౌండ్ అనుకుని స్పీకర్‌కి పంపుతుంది. మన దేశపు టీవీలు వాడే ‘పాల్’ పద్ధతిలో తెర సెకనుకు 50 సార్లు గీస్తుంది కాబట్టి ఆ మోత వస్తుంది.

టీవీ పసుపు సాకెట్‌లో ఎర్ర పిన్ను పెట్టి చూడండి, తర్వాత తెల్లది. బొమ్మ పడితే మిగిలిన రెండూ సౌండ్ సాకెట్లలో గుచ్చండి. రంగులు మన గుర్తు కోసమే, తప్పేం లేదు. మూడింటితోనూ రాకపోతే గ్రౌండ్ చోటే మారి ఉంటుంది. అప్పుడెన్ని తిప్పినా లాభం లేదు, ఆ బాక్స్‌కి సరిపోయే కేబులే తెచ్చుకోవాలి. షాపుకి బాక్స్ కూడా పట్టుకుపోండి, అక్కడే పెట్టి చూసి కొనండి.

బొమ్మ నలుపు తెలుపులో ఉంది, లేదా పైకి దొర్లుతోంది

బాక్స్ పాల్‌లో కాకుండా ఎన్‌టీఎస్‌సీలో, అంటే అమెరికా టీవీ పద్ధతిలో, ఉంది. బాక్స్ సెట్టింగ్స్‌లో, లేదా ల్యాప్‌టాప్‌కి వాడే కన్వర్టర్ డబ్బా పక్కనున్న చిన్న స్విచ్‌తో పాల్‌కి మార్చండి.

ల్యాప్‌టాప్ అయితే

ల్యాప్‌టాప్ హెచ్‌డీఎంఐ సాకెట్ నుంచి వచ్చే బొమ్మను టీవీ ఏవీ సాకెట్లకు మార్చే ‘హెచ్‌డీఎంఐ టు ఏవీ’ కన్వర్టర్ కావాలి. ‘ఏవీ టు హెచ్‌డీఎంఐ’ డబ్బా కూడా అచ్చం అలాగే ఉంటుంది, అది తెస్తే పని జరగదు. యూఎస్‌బీ వైరుతో దానికి కరెంటు ఇవ్వండి. లోపల చిప్ లేని వీజీఏ (పాత మానిటర్ సాకెట్)–ఏవీ వైరు మామూలు ల్యాప్‌టాప్‌కి దండగ. విండోస్ బటన్, పీ కలిపి నొక్కి డూప్లికేట్ ఎంచుకోండి. అక్షరాలు మసగ్గా ఉంటాయి, దానికి మందు లేదు. సినిమాకి చాలు.

టీవీ లోపల సాకెట్ సోల్డర్ ఊడటం, ఐసీ (చిప్) పోవడం అరుదు. అందుకోసం వెనక మూత మీరు విప్పొద్దు. ప్లగ్ తీసేసినా పిక్చర్ ట్యూబ్‌లో హై వోల్టేజ్ నిలిచి ఉంటుంది. మెకానిక్‌ని పిలవండి.