ఉగాది సభకు హాలు చూస్తున్నారా? ముందు గుమ్మం కొలవండి

బెంగళూరులో మన తెలుగువాళ్ల ఉగాది సభకు హాలు మాట్లాడే ముందు గుమ్మం దగ్గర టేపు పెట్టండి. రెండు మెట్లు, 30 సెంటీమీటర్ల ఎత్తు ఉందనుకుందాం; వీల్‌చైర్‌లో ఒకరు వచ్చారనుకుందాం. "నలుగురం పట్టి ఎత్తేద్దాం" అనడం వైకల్యాన్ని జాలితో చూసే దయ నమూనా; వచ్చినవారి గౌరవం అక్కడే పోతుంది. అడ్డంకి మెట్లది, కాళ్లది కాదు అనేది సామాజిక నమూనా. 1:12 వాలుకు, అంటే ఒక వంతు ఎత్తుకు పన్నెండు వంతుల పొడవుకు, 3.6 మీటర్ల ర్యాంపు కావాలి. పొట్టి చెక్క వేస్తే వాలు ఎక్కువై వీల్‌చైర్ వెనక్కి దొర్లుతుంది.

వైకల్యాన్ని శరీరంలోని సమస్యగా చూసి డాక్టరు కొలిచే వైద్య నమూనానూ తోసేయకండి: 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద ఉద్యోగ రిజర్వేషన్‌కు కనీసం 40 శాతం వైకల్యం ఉందన్న ధ్రువపత్రం తప్పదు. సభ గుమ్మంలో మాత్రం ఆ కాగితం అడగొద్దు. ర్యాంపు నొప్పినీ అలసటనూ తీర్చదు. సామాజిక నమూనాపై ఉన్న ప్రధాన విమర్శ ఇదే. అందుకే నడుం వాల్చే చోటు ఒకటి ఉంచండి. ఇంకేం కావాలో వెంట వచ్చినవారిని కాదు, వీల్‌చైర్‌లో ఉన్నవారినే అడగండి.