మెష్ వైఫై కలవట్లేదా? రెండో డబ్బాను ముందుగదిలోకి తెండి

మా బరంపురం పాత వీధుల్లో ఇళ్ళు తెలుసుగా, వీధి గుమ్మం నుంచి పెరటి దాకా రైలుపెట్టెల్లా బారుగా ఉంటాయి. మెష్ అంటే రెండు మూడు వైఫై డబ్బాలు ఒకదానితో ఒకటి కలిసి ఇల్లంతా ఒకే వైఫై ఇచ్చే ఏర్పాటు. మా వంటగదిలో పెట్టిన రెండో డబ్బా మెయిన్‌తో కలవక, రెండు రోజులు ఎర్రలైటే! చివరికి దాన్ని తెచ్చి ముందుగదిలో మోడెమ్‌కు తగిలించిన మెయిన్ డబ్బా పక్కనే పెట్టి, రీసెట్ చిల్లులో పిన్నుతో లైటు మారేదాకా నొక్కి, ఫోన్‌లో దాని యాప్‌తో మళ్ళీ కలిపితే ఐదు నిమిషాల్లో పట్టేసింది.

కలిశాక మళ్ళీ వంటగదికి పంపకండి. సగం దూరంలో, నడవలో, తలుపుకు ఎదురుగా ఉంచండి. వైఫై వాడే రెండు రకాల సిగ్నళ్ళలో 5 గిగాహెర్ట్జ్‌ది మందపాటి గోడలు సరిగా దాటదు, 2.4 గిగాహెర్ట్జ్‌ది కాస్త నయం. ఫ్రిజ్ వెనక అసలు వద్దు (మా అమ్మ అక్కడే దాచేది).

కరెంటు పోయొచ్చాక కలవకపోతే అన్నీ ఆపి, ముందు ఫైబర్ మోడెమ్ (బయటి నుంచి వచ్చే నెట్ వైరు తగిలించే డబ్బా), రెండు నిమిషాలాగి మెయిన్, తర్వాతే మిగతావి ఆన్ చేయండి.