లినక్స్‌లో ధ్వని దారులు – 3వ పాఠం: రెండు సౌండ్ కార్డుల నడుమ ధ్వని ఎక్కడ ఆగింది?

కెర్నెల్‌లోని అల్సా కార్డులను ఎలా గుర్తిస్తుందో, దానిపైన పైప్‌వైర్ వాటిని అప్లికేషన్లకు ఎలా పంచుతుందో గత పాఠంలో చూశాము. ఇప్పుడు యూఎస్‌బీ మైకులో మాట్లాడింది లాప్‌టాప్ హెడ్‌ఫోన్లలో వినిపించడానికి లూప్‌బ్యాక్ మాడ్యూల్ లోడ్ చేశామనీ, అయినా ఏమీ వినిపించడం లేదనీ అనుకుందాం. చాలామంది వెంటనే వాల్యూమ్ పెంచుతారు, ఆపైన సిస్టమ్‌ను రీస్టార్ట్ చేస్తారు. ఏ సెట్టింగునూ ముట్టుకోకముందే ధ్వని ఎంతవరకు వచ్చిందో కెర్నెల్‌నే అడగడం మంచిదని నా గట్టి అభిప్రాయం.

ప్రాక్ డైరెక్టరీలోని ఏసౌండ్ ఫోల్డర్‌లో ‘కార్డ్స్’ అనే ఫైలును క్యాట్ కమాండ్‌తో చదవండి. ప్రతి కార్డుకూ ఒక సంఖ్య, పక్కనే చదరపు బ్రాకెట్లలో ఒక పేరు కనిపిస్తాయి. సాధారణంగా కార్డులు దొరికిన వరుసలోనే సంఖ్యలు పడతాయి కనుక, ఈరోజు 1గా ఉన్న మైకు రేపు 0 కావచ్చు. అందువల్ల కాన్ఫిగరేషన్ ఫైళ్లలో పేరే రాయండి.

మైకు ‘కార్డ్1’ అయితే, ఆ ఫోల్డర్‌లోని ‘పీసీఎం0సీ’లో, దాని లోపలి ‘సబ్0’లో, ‘హెచ్‌డబ్ల్యూ పారమ్స్’ అనే ఫైలు ఉంటుంది. పేరు చివర సీ ఉంటే రికార్డింగు, పీ ఉంటే ప్లేబ్యాక్. ఫైలులో ‘క్లోజ్డ్’ అన్న ఒక్క మాటే ఉంటే ఏ ప్రోగ్రామూ ఆ పరికరాన్ని తెరవలేదని అర్థం. ఫార్మాట్, ఛానెళ్లు, 48000 వంటి రేటు (సెకనుకు ఎన్ని ధ్వని శాంపిళ్లో) కనిపిస్తే ఏదో ప్రోగ్రాము దాన్ని తెరిచి పట్టుకుందని అర్థం. హెడ్‌ఫోన్ల కార్డులో పీ ఫోల్డర్‌ను కూడా ఇలాగే చదవండి. వాడకం లేని పరికరాన్ని పైప్‌వైర్ మామూలుగా 5 సెకన్లలో మూసేస్తుంది కాబట్టి, లూప్‌బ్యాక్ నడుస్తుండగానే చూడాలి.

మైకు తెరుచుకుని హెడ్‌ఫోన్లు మూసి ఉంటే లోపం నడుమనే ఉంది. ధ్వని సెట్టింగులు చూపే పావుకంట్రోల్ ప్రోగ్రాములోని కాన్ఫిగరేషన్ ట్యాబ్‌లో ఆ కార్డు ప్రొఫైల్ హెచ్‌డీఎంఐకో ఆఫ్‌కో మారి ఉందేమో చూడండి. ప్లేబ్యాక్ ట్యాబ్‌లో లూప్‌బ్యాక్ ఏ పరికరానికి వెళుతోందో కూడా చూడాలి. పాత పరికరాన్ని గుర్తుపెట్టుకున్న స్ట్రీమ్, డిఫాల్ట్ మార్చినా కదలదు. రెండూ తెరుచుకునే ఉన్నా నిశ్శబ్దమే అయితే, టెర్మినల్‌లో నడిచే అల్సామిక్సర్‌లో ఎఫ్6తో కార్డును ఎంచుకుని, ఛానెల్ కింద ‘ఎంఎం’ (మ్యూట్ అయిందన్న గుర్తు) కనిపిస్తే ఎం నొక్కండి.

ధ్వని వచ్చాక, కొన్ని నిమిషాలకొకసారి చిటపట వినిపిస్తే కారణం వేరు. ప్రతి కార్డుకూ తనదైన గడియారం ఉంటుంది. ఒకదాని 48000 మరొకదాని 48000కు సరిగ్గా సమానం కాదు. పది లక్షలకు 50 వంతుల తేడా ఉన్నా సెకనుకు 2.4 శాంపిళ్లు, గంటకు 180 మిల్లీసెకన్లు ఎడం పెరుగుతుంది. పైప్‌వైర్ ఒక కార్డును సారథిగా తీసుకుని, రెండవదాని ధ్వనిని రీశాంప్లింగ్‌తో దాని నడకకు సర్దుతుంది. జాక్ అనే మరో ధ్వని సర్వర్ మాత్రం ఒకే కార్డు గడియారంపై నడుస్తుంది. రెండవ కార్డుకు జీటా ఏజే బ్రిడ్జ్ వంటి వారధి ప్రోగ్రాము కావాలి.

వచ్చే పాఠానికి ముందు ఈ అభ్యాసం చేయండి. రెండు కార్డులూ ఒకే రేటులో నడుస్తుండగా, అవే సబ్0 ఫోల్డర్లలోని ‘స్టేటస్’ ఫైళ్లను ఒకే క్యాట్ కమాండ్‌తో చదివి, రెండింటి హెచ్‌డబ్ల్యూ పాయింటర్ (కార్డు నడిచిన శాంపిళ్ల లెక్క) విలువలను రాసుకోండి. గంట తరువాత మళ్లీ రాసుకుని, ఒక్కో కార్డు ఎన్ని శాంపిళ్లు నడిచిందో లెక్కగట్టండి. ఆ రెండు లెక్కల తేడాతోనే 4వ పాఠంలో వారధిని అమరుస్తాము.