ఇంగ్లీషులో పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో చూపించే పరీక్షను ఎలా తయారు చేయాలి?

కర్నూలు జిల్లా పత్తికొండ వైపు ఒక హైస్కూల్లో పని చేసేటప్పుడు, 9వ తరగతిలో ఇద్దరు ఆడపిల్లలకు ఇంగ్లీషులో ఒకే మార్కులు వచ్చాయి. నూటికి 41. ప్రోగ్రెస్ కార్డు ప్రకారం ఇద్దరిదీ ఒకటే స్థాయి. జవాబు పత్రాలు మళ్లీ ముందేసుకుని చూస్తే కథ వేరు. ఒకమ్మాయి పేరా చదివి చక్కగా అర్థం చేసుకుంది కానీ, సొంతంగా వాక్యం రాస్తే క్రియ కుదరదు. రెండో అమ్మాయికి ఖాళీలన్నీ దాదాపు రైటే; ముందు చూడని పేరా ఇస్తే మాత్రం మొదటి వాక్యం దాటలేదు. గైడులో బిట్లు బట్టీ పట్టింది. ఎవరికి ఏం చెప్పాలో ఆ 41 నాకు చెప్పలేదు.

అప్పటి నుంచి నేను ప్రశ్నపత్రం తయారు చేసే పద్ధతి మార్చుకున్నాను. ఒక ప్రశ్న ఒక్క విషయాన్నే పరీక్షించాలి. కింద రాసిందంతా ఆ ఒక్క మాటను పట్టుకుని చేసిన పని. బళ్లో టీచర్లకే కాదు, సాయంత్రం ట్యూషన్ చెప్పే డిగ్రీ పిల్లలకూ, ఇంట్లో 8, 9 తరగతుల పిల్లలున్న తల్లిదండ్రులకూ ఇది పనికొస్తుంది.

1. పరీక్ష ఎందుకో ఒక్క వాక్యంలో రాసుకోండి

పాఠం మొదలుపెట్టే ముందు పిల్లలు ఎక్కడున్నారో తెలుసుకోవడానికా? చెప్పింది ఎక్కిందో లేదో చూడటానికా? పబ్లిక్ పరీక్షకు అలవాటు చేయడానికా? ఈ మూడింటికి మూడు వేర్వేరు పేపర్లు కావాలి. పదో తరగతి ఇంగ్లీషు పేపరులో 100 మార్కులుంటే చదివి అర్థం చేసుకోవడానికి 30, వ్యాకరణానికీ పదజాలానికీ కలిపి 40, సొంతంగా రాయడానికి 30. ఆ నమూనాలో ప్రాక్టీసు పెట్టండి, తప్పు లేదు. అయితే ఎక్కడ ఆగిపోతున్నారో కనుక్కోవడానికి అది సరిపోదు. అందుకు చదవడానికి ఒకటి, పదజాలానికి ఒకటి, వ్యాకరణానికి ఒకటి, 20 నిమిషాల చిన్న పరీక్షలు మూడు విడివిడిగా పెట్టుకోవడమే మేలు.

2. చదవడం: మొదట పక్కన కూర్చోబెట్టుకుని వినండి

కాగితం మీద పరీక్షకు ముందు ఒక్కొక్కరినీ పిలిచి ఒక చిన్న పేరా పైకి చదివించండి. మనిషికి రెండు నిమిషాలు చాలు. పిల్లలకు చదువు ఎంతవరకు వచ్చిందో చూడటానికి 2005 నుంచి దేశమంతా ఊళ్లలో జరుగుతున్న అసర్ సర్వే కూడా పిల్లల ముందు కూర్చుని చదివించే చూస్తుంది. ఇంగ్లీషుకు వాళ్లు పెట్టుకున్న మెట్లు నాలుగు: పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు, తేలిక మాటలు, తేలిక వాక్యాలు. హైస్కూలు పిల్లలకు ఇవేంటి అనుకోకండి. ఎనిమిదో తరగతిలో చిన్న అక్షరాల దగ్గరే తడబడే పిల్లవాడు ఉంటే, వాడికి వ్యాకరణం పేపరు ఇవ్వడం అన్యాయం. ముందు ఈ మెట్టు తేల్చుకోవాలి.

100 మాటల పేరాలో పదికి మించి మాటల దగ్గర ఆగిపోతే ఆ పేరా ఆ పిల్లవాడికి బరువని నేను లెక్కవేసుకుంటాను. ఉచ్చారణను లెక్కలోకి తీసుకోను. 'స్కూల్'ను 'ఇస్కూల్' అన్నంత మాత్రాన చదవడం రానట్టు కాదు, అది మన సీమ నాలుక అలవాటు. ఎక్కడ ఆగాడు, ఆగిన చోట వెనక్కి వెళ్లి సరిచేసుకున్నాడా, అర్థం లేకపోయినా సాగిపోయాడా, అదే ఒక చీటీ మీద రాసుకోండి. వెనక్కి వెళ్లి సరిచేసుకునే పిల్లవాడు అర్థం కోసం చదువుతున్నట్టు.

3. మౌనంగా చదివించే పేరా, దాని మీద ప్రశ్నలు

ఎక్కువ పేపర్లు పాడయ్యేది ఇక్కడే. ముందు ఈ వాక్యం చదవండి: 'గుంబిలి తిరుకలో చప్పిరిల్లింది.' ఇప్పుడు ప్రశ్న: గుంబిలి ఎక్కడ చప్పిరిల్లింది? 'తిరుకలో' అని మీరు వెంటనే చెప్పేస్తారు. పూర్తి మార్కులు. అర్థమైంది మాత్రం సున్నా, ఎందుకంటే ఆ మాటలకు అర్థమే లేదు. మన పిల్లలు ఇంగ్లీషు పేరాకు జవాబులు రాసేది చాలాసార్లు ఇలాగే. ప్రశ్నలో మాటను పేరాలో వెతికి, అది ఉన్న వాక్యం మొత్తం దించేస్తారు. కాబట్టి ప్రశ్నను పేరాలోని మాటలతో కాకుండా వేరే మాటలతో అడగండి. పేరాలో 'రీచ్‌డ్ హోమ్' అని ఉంటే ప్రశ్నలో 'గాట్ బ్యాక్' అనండి.

ఇంకో తప్పు నేనే చేశాను. పిల్లలకు తెలిసిన సంగతైతే బాగుంటుందని, తొలకరి వానలు పడగానే తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో జనం వజ్రాలు వెతకడం గురించి పేరా రాశాను. ఎప్పుడు వెతుకుతారు, ఎందుకు వానల తర్వాతే అని అడిగాను. తరగతి తరగతంతా రైటు రాసింది! సంతోషించాను. తర్వాత అనుమానమొచ్చి, పక్క సెక్షన్ పిల్లలకు పేరా ఇవ్వకుండా ఉత్త ప్రశ్నలే ఇచ్చాను. వాళ్లూ రాసేశారు. వాళ్ల అమ్మానాన్నలే ఆ పొలాల్లో వంగి వెతికేవాళ్లు, వాళ్లకు పేరా దేనికి? అప్పటి నుంచి ప్రతి పేరాకూ ఇదే చేస్తాను: ప్రశ్నలు మాత్రమే ఎవరికైనా ఇచ్చి చూస్తాను. పేరా లేకుండా జవాబు వస్తే ఆ ప్రశ్న తీసేస్తాను.

అలాగని ఊరికి సంబంధం లేని లండన్ పొగమంచు గురించి ఇవ్వాల్సిన పని లేదు. చోటు తెలిసినదై, సంగతి కొత్తదైతే చాలు. అదే తుగ్గలి మండలంలో ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయని పిల్లలకు తెలుసు. అక్కడ ఒక శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు చెక్కి ఉంటాయని మాత్రం దాదాపు ఎవరికీ తెలియదు. దాని మీద 130 మాటల పేరా రాసుకుంటే, చదవకుండా జవాబు చెప్పడం కుదరదు.

ఐదారు ప్రశ్నలు చాలు, కానీ అన్నీ ఒకే రకం కాకూడదు. నేరుగా దొరికేవి రెండు. 'ఇట్' గానీ 'దే' గానీ దేని గురించి అన్నారో అడిగేది ఒకటి. మనవాళ్లు ఎక్కువగా తప్పేది ఈ సర్వనామాల దగ్గరే. చెప్పకనే చెప్పిన సంగతి ఒకటి. చుట్టూ ఉన్న మాటలను బట్టి కొత్త మాట అర్థం ఊహించేది ఒకటి. మొత్తం పేరాకు పేరు పెట్టమని ఒకటి.

చాలామంది టీచర్లు ఒప్పుకోని మాట ఒకటి చెబుతాను. చదివి అర్థం చేసుకోవడాన్ని పరీక్షిస్తున్నప్పుడు జవాబు తెలుగులో రాయనివ్వండి. ఇంగ్లీషులోనే రాయాలంటే, అర్థమై రాయలేనివాడూ అసలు అర్థం కానివాడూ ఒకే గాటన పడతారు. మొదట చెప్పిన ఆ అమ్మాయికి తెలుగులో రాయనిచ్చి ఉంటే ఆ భాగంలో పూర్తి మార్కులు వచ్చేవి. పబ్లిక్ పరీక్షలో ఇంగ్లీషులోనే రాయాలి, నిజమే. దానికి వేరే రోజు వేరే ప్రాక్టీసు పెట్టుకోవచ్చు.

4. పదజాలం: తెలుసా, వాడగలరా

రెండూ ఒకటి కాదు. మాట కనిపిస్తే గుర్తుపట్టడం ఒక ఎత్తు, నోటికి రావడం ఇంకో ఎత్తు. గుర్తుపట్టడం చూడటానికి పాల్ నేషన్ అనే భాషా పరిశోధకుడు 1983లో చేసిన పరీక్ష పద్ధతి తేలికైనది: ఆరు మాటలు, మూడు అర్థాలు. మూడు మాటలు మిగిలిపోతాయి కాబట్టి చివరిది ఊరికే దొరకదు. అర్థాలు ఇవి అనుకోండి: చాలాకాలం వాన లేకపోవడం, తిరిగి ఇవ్వాల్సిన డబ్బు, పంట కోసి చేర్చుకోవడం. మాటలు: డ్రౌట్, ఫ్లడ్, డెట్, గిఫ్ట్, హార్వెస్ట్, ప్లౌ. మొదట్లో 'డెట్' బదులు 'లోన్' పెట్టాను. లోన్ మనింట్లో తెలుగు మాటే, అందరూ రైటు పెట్టారు. అది ఇంగ్లీషు పరీక్షే కాదు.

మన మాటల్లో కలిసిపోయిన ఇంగ్లీషు ఇంకో ఇబ్బంది కూడా తెస్తుంది. 'కవర్' అంటే మనకు ప్లాస్టిక్ సంచి. 'హోటల్' అంటే ఉగ్గాని, బజ్జీ తినే చోటు. 'బ్యాలెన్స్' అంటే మిగిలినది. తుంగభద్ర గురించిన పేరాలో 'స్ట్రాంగ్ కరెంట్' అని రాస్తే, ఏట్లో కరెంటు తీగ పడిందని సగం తరగతి రాసింది. తెలివి తక్కువై కాదు, తెలిసిన అర్థాన్ని నమ్ముకున్నారు. ఇలాంటి మాటలు జాబితాగా రాసిపెట్టుకుని, వాక్యంలో పెట్టి అడగండి.

వాడగలరో లేదో చూడాలంటే పది మాటలిచ్చి పక్కన నాలుగు గడులు గీయండి: ఎప్పుడూ చూడలేదు; చూశాను కానీ అర్థం తెలియదు; అర్థం తెలుసు; వాక్యంలో వాడగలను. నాలుగో గడిలో టిక్కు పెడితే వాక్యం రాసి చూపించాలి. దీనికి మార్కులు వేయకండి. మార్కులు లేవంటే పిల్లలు నిజం చెబుతారు.

5. వ్యాకరణం: తప్పులు పిల్లల నోట్సులోంచే తీసుకోండి

గైడులో ఆప్షన్లు ఎవరో ఎక్కడో కూర్చుని రాసినవి. మీ పిల్లలు నిజంగా చేసే తప్పులు వాళ్ల కాపీల్లోనే ఉన్నాయి. నెల రోజులు దిద్దేటప్పుడు ఒక చిన్న పుస్తకంలో ఎక్కించుకోండి. వాటిలో చాలా భాగం తెలుగు నుంచి వచ్చినవే.

తెలుగులో 'రోజూ బడికి వెళ్తాను', 'రేపు బడికి వెళ్తాను', రెంటికీ ఒకటే క్రియ. అందుకే పిల్లలు 'ఐ విల్ గో టు స్కూల్ డైలీ' అంటారు. కాబట్టి 'ఎవ్రీ డే' వాక్యం ఒకటి, 'టుమారో' వాక్యం ఒకటి రెండూ ఇచ్చి, రెంటికీ అవే ఆప్షన్లు పెట్టండి. రెండూ రైటైతేనే తేడా తెలిసినట్టు. 'ఆమె వచ్చింది', 'బస్సు వచ్చింది' మనకు ఒకే రూపం, 'షి'కీ 'ఇట్'కీ మధ్య తికమక అక్కడిది. 'ఎ', 'ది' లాంటివి తెలుగులో అసలు లేవు. 'ఐ డోంట్ నో వేర్ ఈజ్ హి' అనడం, 'డిస్కస్ అబౌట్' అనడం కూడా జాబితాలో చేర్చుకోండి.

ప్రశ్నలో మిగతా మాటలన్నీ తేలికగా ఉండాలి. కష్టమైన మాట వల్ల తప్పు పెడితే అది పదజాలం తప్పు, మీరు వ్యాకరణం తప్పనుకుంటారు. ఆప్షన్లలో పొడవైనదే ఎప్పుడూ రైటు కాకుండా చూసుకోండి. ఖాళీ ముందు 'యాన్' ఉంటే, అచ్చుతో మొదలయ్యే ఆప్షన్ ఒక్కటే ఉండకూడదు.

విడి వాక్యాలతో పాటు ఒక పేరా కూడా ఇవ్వండి. మొదటి వాక్యం ముట్టుకోకుండా, తర్వాత ప్రతి ఏడో మాట తీసేసి ఖాళీ వదిలితే చాలు. క్లోజ్ అనే ఈ పద్ధతిని 1953లో విల్సన్ టేలర్ అనే పరిశోధకుడు ప్రవేశపెట్టాడు. ఇది వ్యాకరణం, పదజాలం, చదవడం అన్నీ కలిపి చూస్తుంది, అందుకే విడి పరీక్షలకు బదులుగా కాదు, వాటి తర్వాతే పెట్టండి. అర్థం కుదిరే మాట ఏది రాసినా మార్కు ఇవ్వండి.

6. పెట్టేటప్పుడు

సూచనలు తెలుగులో కూడా రాయండి. ఒక ఉదాహరణ బోర్డు మీద చేసి చూపించండి. బెంచీకి ముగ్గురు కూర్చుంటారు కాబట్టి ప్రశ్నల వరుస మార్చి రెండు సెట్లు జిరాక్స్ తీయించండి.

7. దిద్దాక ప్రశ్నలకూ మార్కులు వేయండి

ఒక పెద్ద తెల్లకాగితం మీద నిలువున పిల్లల పేర్లు, అడ్డంగా ప్రశ్నల నంబర్లు రాసి, రైటైన చోట చుక్క పెట్టండి. అడ్డంగా చూస్తే పిల్ల సంగతి, నిలువుగా చూస్తే ప్రశ్న సంగతి తెలుస్తుంది. 40 మందిలో 38 మంది రైటు పెట్టిన ప్రశ్న ఎవరికి ఏం రాదో చెప్పదు. ఐదుగురే పెట్టారంటే అది పాఠమైనా ఎక్కనిది, లేదా ప్రశ్నే తిరకాసుది. మొత్తం మార్కుల్లో పైనున్న పది మందినీ కింద ఉన్న పది మందినీ పోల్చండి. కిందివాళ్లు ఎక్కువమంది రైటు పెట్టి పైవాళ్లు తప్పిన ప్రశ్న ఉంటే అందులో ఏదో తేడా ఉంది. ఒక్కోసారి మనం రాసుకున్న జవాబుల కీ తప్పు ఉంటుంది. ఆ మార్కులు పిల్లలకు తిరిగి ఇచ్చేయాలి, తరగతి ముందే చెప్పి మరీ.

చదవడం పరీక్షలో స్పెల్లింగుకు మార్కు కోయకండి. పేపర్లు మూడు రోజుల్లోపల ఇచ్చేయండి, వారం దాటితే ఏం ఆలోచించి రాశారో వాళ్లకే గుర్తుండదు. 'ఇది ఎందుకు పెట్టినావురా' అని అడిగితే వచ్చే జవాబు చాలాసార్లు మార్కుకన్నా ఎక్కువ చెబుతుంది.

8. సుగ్గికి పోయొచ్చిన పిల్లలకు

మా పడమటి మండలాల్లో పంటలు పోయినప్పుడు సుగ్గికి, అంటే కూలి పనుల కోసం ఊరు విడిచి, పోవడం మామూలే. పత్తి, మిరప కోతలకు గుంటూరు వైపు కుటుంబాలు కదిలితే పిల్లలూ వెంట పోతారు, నెలల తరబడి బడి ఉండదు. తిరిగొచ్చిన పిల్లవాడికి అందరితో పాటు యూనిట్ టెస్టు పేపరు చేతికిస్తే వాడు రాసేది ఒక్కటే, పేరు. ఆ కాగితం వాడిని మళ్లీ బడి నుంచి తోసేస్తుంది.

వాళ్లు వచ్చిన మొదటి వారంలో పేపరు వద్దు. రెండో భాగంలో చెప్పినట్టు పక్కన కూర్చోబెట్టుకుని చదివించండి, పోకముందు రాసుకున్న చీటీతో పోల్చండి. పోయినప్పుడు వాక్యాలు చదివినవాడు ఇప్పుడు మాటల దగ్గర ఆగుతుంటే అక్కడి నుంచి ఎత్తుకోండి. ప్రతి పిల్ల చదువు చీటీ మీద తేదీ వేసి దాచమని నేను పట్టుబట్టేది ఇందుకే. ఒక పిల్లవాడు ఫిబ్రవరిలో తిరిగొచ్చి నా పక్కన కూర్చున్నప్పుడు, అక్టోబరు తేదీ ఉన్న తన చీటీ చూసి, 'ఇది అప్పుడు చదివినా సార్, మళ్లా చదువుతా' అని తనే వేలు పెట్టి మొదలుపెట్టాడు.