పాత ఫ్రెంచి కన్సోల్ బల్లలు: బంగారం రాలినా, పాలరాయి మసకబారినా

ముందుగా చేతిలోని తడిగుడ్డ పక్కన పెట్టండి. ఫ్రాన్స్ రాజు పదిహేనో లూయీ కాలం (1715-1774) నాటి కన్సోల్ బల్లకు, అంటే గోడకు ఆనించి పెట్టే, పైన పాలరాతి పలక ఉన్న అలంకార బల్లకు, బంగారాన్ని నేరుగా కర్రకు అంటించలేదు. చెక్కిన కర్ర మీద సుద్ద, జంతుచర్మపు జిగురు కలిపిన పూతలు, వాటి మీద బోల్ అనే ఎర్రమట్టి, ఆపైన బంగారు రేకు. ఆ జిగురు నీళ్లు తగిలితే మెత్తబడుతుంది. నూనె పద్ధతిలో రేకు అంటించిన చోట్లు కొంత తట్టుకుంటాయి గానీ, ఒకే బల్ల మీద రెండు పద్ధతులూ ఉండొచ్చు.

బంగారం మధ్య ఎరుపు కనిపిస్తోంది
ఏళ్ల తరబడి తుడిచిన అంచుల్లో రేకు అరిగి, కింది బోల్ బయటపడింది. ఇది లోపం కాదు, ముట్టుకోకండి. అంగట్లో దొరికే గోల్డ్ పెయింట్ అసలే వద్దు.

బంగారం గోధుమ రంగుకో ఆకుపచ్చకో తిరిగింది
అసలైన బంగారానికి చిలుము పట్టదు. రంగు మారిందంటే ఎవరో పూర్వపు యజమాని ఇత్తడి పొడి కలిపిన పెయింట్ పూశాడన్న అనుమానం రావాలి. కింద అసలు రేకు మిగిలి ఉండొచ్చు, కాబట్టి గీకకండి. దాన్ని బయటికి తీయడం కన్సర్వేటర్ (పాత కళావస్తువులను కాపాడి బాగుచేసే నిపుణుడు) పని. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఫ్రెంచి ఫర్నిచర్ ఉంది. పాత బంగారపు మెరుపు ఎలా ఉంటుందో అక్కడ చూసి రావచ్చు.

పొక్కులు లేచి పెచ్చులు రాలుతున్నాయి
గాలిలో తేమ మారినప్పుడల్లా కర్ర ఉబ్బుతుంది, తగ్గుతుంది. సుద్ద పొర దానితో పాటు కదల్లేక విడిపోతుంది. వానాకాలపు చెమ్మ, వెంటనే ఏసీ ఆరబెట్టడం ఈ రెండూ కలిస్తే చాలు. బల్లను ఏసీ గాలి తగలని, ఎండ పడని గోడకు మార్చండి. గదిలో తేమ 50 శాతానికి అటూ ఇటూగా నిలకడగా ఉంచండి. రాలిన ప్రతి పెచ్చునూ కవరులో దాచండి, అతికించడానికి అవే కావాలి. ఫెవికాల్ వాడితే తర్వాత వచ్చే నిపుణుడికి మరమ్మతు కష్టమవుతుంది. పెచ్చులు లేచిన చోట దుమ్ము కూడా దులపకండి. గట్టిగా ఉన్న చోట మెత్తని బ్రష్ చాలు.

బల్ల ముందుకు తూగుతోంది
కాళ్లు విరగలేదు. చాలా కన్సోళ్లకు వెనక కాళ్లే ఉండవు, గోడకు బిగించడానికే చేశారు. మేకు చాలదు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అంగుళం మందం ఉన్న పాలరాతి పలకే సుమారు 37 కిలోలు తూగుతుంది. ఇటుక గోడలోకి దిగే యాంకర్ బోల్టులు వేయించండి, పాత రంధ్రాలుంటే వాటినే వాడమనండి.

పాలరాయి మీద మసక వలయాలు
నిమ్మరసం, చింతపండు పులుసు, వైన్ పడి రాయి పైపొర తినేశాయి. అది మరక కాదు, అందుకే తుడిస్తే పోదు. నేల పాలిష్ మిషన్ పెట్టించారో, రెండు వందల ఏళ్ల నునుపు ఒక్క పూటలో పోతుంది. తేలికపాటి మసకైతే సన్నగా మైక్రోక్రిస్టలిన్ మైనం (పెట్రోలియం నుంచి తీసే ఒక రకం మైనం) పట్టించి మెత్తని గుడ్డతో రుద్దితే చాలావరకు కలిసిపోతుంది. ఇకపై గ్లాసు కింద చాప వేయండి. నూనె మరకలది వేరే కథ, వాటిని పీల్చే లేపనం వేయించాలి.

పలకలో పగులు
బ్రెష్ అనే జాతి పాలరాయి అసలే ముక్కలు కలిసి ఏర్పడింది. పడుకోబెట్టి మోస్తే దాని బరువుకే విరుగుతుంది. బల్ల కదిపే ముందు పలకను విడిగా తీసి, ఇద్దరు మనుషులు అద్దంలా నిలబెట్టి మోయాలి.

సన్నటి రంధ్రాలు, కింద పొడి
కొత్తగా రాలిన పొడి కనిపిస్తే పురుగు బతికే ఉందన్న అనుమానంతో బల్లను మిగతా కర్ర సామాను నుంచి వేరు చేయండి. మందు కొట్టే ముందు కన్సర్వేటర్‌ను అడగండి, కొన్ని ద్రావకాలు బంగారపు పూతకు పడవు.