పెయ్యలో జెర్సీ ఎంత? అణాల లెక్క

కోనసీమలో సంకర ఆవు కొనేటప్పుడైనా, సూది (కృత్రిమ గర్భధారణ) వేయించేటప్పుడైనా ‘ఇందులో జెర్సీ ఎంత శాతం?’ అనేసరికి తికమక మొదలవుతుంది. సగంలో సగం, 87.5 అంటూ పాయింట్ల గోల. శాతాలు పక్కనపెట్టి అణాల్లో లెక్కేయండి, నోటితోనే తేలిపోతుంది.

పాత రూపాయికి 16 అణాలు కదా, అలాగే అసలు జెర్సీ 16 అణాలు. నాటు ఆవు, ఒంగోలు ఆవు సున్నా. తల్లివీ తండ్రివీ కలిపి సగం చేస్తే దూడ లెక్క. నాటు ఆవుకి జెర్సీ సూది వేయిస్తే పెయ్య 8. దానికి మళ్లీ జెర్సీ అయితే 12, ఆపైన 14. శాతం కావాలంటే అణాకి 6.25. మన ఉక్కపోతకి 12, 14 అణాలవి వేసవిలో రొప్పుతూ మేత తగ్గించేస్తాయి. అందుకే డాక్టర్లు 8 నుంచి 10 లోపే ఉంచమంటారు. 12 అణాల ఆవుకి 8 అణాల సంకర ఆబోతు వీర్యం వేయిస్తే దూడ 10కి దిగుతుంది. ముర్రా జాతి సూది వేయించే గేదెలకీ ఇదే లెక్క, కాకపోతే అక్కడ ఈ పైహద్దు గొడవ లేదు.

సూది వేశాక ఖాళీ స్ట్రా (వీర్యం ఉండే సన్నని గొట్టం) అడిగి తీసుకోండి. దానిమీది ఆబోతు నంబరు, జాతి చూసి ఆవు చెవి ట్యాగ్ నంబరు పక్కన రాసేసుకోవాలి.

సంతలో కొన్న ఆవుకి, ఏ ఆబోతు దాటిందో తెలియని ఆవుకి ఈ లెక్క చెల్లదు. రంగు చూసి అణాలు కట్టొద్దు. తల్లీ తండ్రీ రెండూ సంకరమే అయితే వచ్చేది సగటు మాత్రమే, దూడ అటూ ఇటూ ఉంటుంది. హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ జాతి) కూడా కలిసి ఉంటే దానికి వేరే వరుస రాయండి.